ఊరి గుడికి దొంగల అలారం: ఆరు వేల లోపు నమ్మకంగా పనిచేసేది చేయించగలమా?

కృష్ణాతీరం | జూన్ 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది దివిసీమ వైపు చిన్న ఊరు. నేను ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో ఉంటున్నాను. గుడి కమిటీలో మా నాన్నగారి తర్వాత నా పేరు పెట్టారు. పోయిన నెల మా వేణుగోపాలస్వామి గుడిలో దొంగలు పడ్డారు. ముఖమండపం గేటు తాళం కోసి, హుండీ పగలగొట్టి, ఉన్నదంతా ఊడ్చుకుపోయారు. అంతరాలయం తలుపును కూడా గడ్డపారతో పెకలించబోయారు, గుర్తులు ఉన్నాయి. పాతకాలం టేకు తలుపు, పైగా ఇనప పట్టీ ఉంది కాబట్టి లొంగలేదు. ఇంకో పది నిమిషాలు దొరికితే ఉత్సవ విగ్రహాలు మాకు దక్కేవి కావు.

నాకు ఇంకా బాధగా ఉన్న సంగతి ఏమిటంటే, గుడిలో అలారం ఉంది. రెండేళ్ల కిందట ఆన్‌లైన్‌లో నాలుగు వేలు పెట్టి నేనే కొని పంపాను. వైర్‌లెస్ సెన్సర్లు, సిమ్ వేసే పెట్టె, చిన్న సైరన్. మొదటి నెలలోనే అర్ధరాత్రి పదిసార్లు మోగింది. జనం కర్రలు పట్టుకుని వస్తే లోపల ఎవరూ లేరు. చంటిపిల్లలున్న ఇళ్లవాళ్లు గొడవ చేశారు. చివరికి ఎవరో ప్లగ్గు పీకేశారు. ఎప్పుడు పీకారో కూడా ఎవరికీ తెలియదు.

ఇప్పుడు కమిటీ మళ్లీ ఆరు వేలు ఇస్తానంటోంది. ఈసారి తప్పు జరగకూడదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

---

వైర్‌మ్యాన్_రిటైర్డ్ | జూన్ 8, రాత్రి 10:15

బాబూ, ఏ వస్తువు కొనాలో తర్వాత చూద్దాం. ముందు వీటికి జవాబు చెప్పు. గుడికి తలుపులెన్ని? రాత్రిపూట దీపం వెలుగుతూ ఉంటుందా? గబ్బిలాలు ఉన్నాయా? కరెంటు పోతే ఎన్ని గంటలు రాదు? అన్నిటికంటే ముఖ్యం, గుడికి దగ్గరగా పడుకునేది ఎవరు?

---

కృష్ణాతీరం | జూన్ 8, రాత్రి 10:50

మాస్టారూ, తలుపులు నాలుగు. ప్రధాన ద్వారం, ముఖమండపం ఇనప గేటు, అంతరాలయం తలుపు, వెనక వంటశాల తలుపు. అంతరాలయంలో అఖండ దీపం ఉంటుంది. ముఖమండపంలో గబ్బిలాలు ఉన్నాయి, సాయంత్రం బయటికి పోతాయి, తెల్లవారుజామున వస్తాయి. వానాకాలం గాలి దుమారం వస్తే ఆరేడు గంటలు కరెంటు ఉండదు. అర్చకులవారి ఇల్లు అరవై మీటర్ల దూరం. ఎదురుగా రెండిళ్లు ఉన్నాయి.

---

వైర్‌మ్యాన్_రిటైర్డ్ | జూన్ 9, ఉదయం 6:05

పాత అలారం ఎందుకు అన్నిసార్లు మోగిందో నీ జవాబులోనే ఉంది. మనిషి కదలికను పట్టే పీఐఆర్ సెన్సర్ మనిషిని చూడదు, వేడిలో మార్పును చూస్తుంది. ఒంట్లోంచి వచ్చే పరారుణ కిరణాలు దాని ముందు ఒక గడిలోంచి ఇంకో గడిలోకి మారితే సిగ్నల్ ఇస్తుంది. గబ్బిలం వేడి రక్తపు జంతువు. సెన్సర్‌కు దగ్గరగా ఎగిరితే దాని లెక్కలో మనిషికీ గబ్బిలానికీ పెద్ద తేడా లేదు. దీపం రెపరెపలాడినా, పొద్దున కిటికీలోంచి ఎండ నేల మీద పడినా మోగొచ్చు. పైగా మన మే నెలలో గోడలు, గాలి అన్నీ ఒంటి వేడికి దగ్గరగా ఉంటాయి. అప్పుడు మనిషి నడిచినా తేడా తక్కువ, సరిగా పట్టదు. అంటే అనవసరంగా మోగుతుంది, అవసరానికి మోగకపోవచ్చు.

అందుకే నా మాట విను. నీ డబ్బులో మొదటి రూపాయి తలుపుల మీద పెట్టు. రీడ్ స్విచ్ అని దొరుకుతుంది, అయస్కాంతంతో పనిచేసే డోర్ కాంటాక్ట్. సన్నటి గాజు గొట్టంలో రెండు ఇనప రేకులు ఉంటాయి. తలుపుకు బిగించిన అయస్కాంతం దగ్గరుంటే రేకులు అతుక్కుని కరెంటు పారుతుంది, తలుపు తెరిస్తే విడిపోతాయి. జత ఎనభై రూపాయలు. గబ్బిలాలు, దీపాలు, ఎండ దీన్ని ఏమీ చేయలేవు. తలుపు తెరుచుకుందా లేదా, అంతే దానికి తెలుసు.

రెండు జాగ్రత్తలు. ఇనప గేటుకు నేరుగా అయస్కాంతం బిగిస్తే ఇనుము దాని బలాన్ని లాగేసుకుంటుంది. మధ్యలో చెక్క ముక్క పెట్టు, లేదా షట్టర్లకు వాడే పెద్ద సైజు కాంటాక్ట్ తీసుకో. టేకు తలుపు వానాకాలం ఉబ్బుతుంది, పూర్తిగా మూసుకోదు. ఎండాకాలంలో ఖాళీ సరిచూసి బిగిస్తే శ్రావణానికి అలారం తనంతట తాను మోగుతుంది. ఖాళీ తక్కువ ఉండేట్టు, తలుపు కొంచెం అటూ ఇటూ కదిలినా పట్టు విడవని చోట చూసి బిగించు.

వైర్‌లెస్ వద్దు. చవక వైర్‌లెస్ సెన్సర్ పెట్టెకు కబురు పంపుతుందే గానీ పెట్టె దాన్ని తిరిగి పలకరించదు. సెన్సర్‌లో బ్యాటరీ చచ్చిపోతే పెట్టెకు తెలియదు. అంతా బాగానే ఉందనుకుంటుంది. వైరు లాగితే శ్రమ, కానీ వైరు తెగినా అలారమే మోగుతుంది.

---

ఈసీఈ_మూడో_ఏడు | జూన్ 9, మధ్యాహ్నం 1:20

మాస్టారు చెప్పిన వైరు పద్ధతికి చిన్న చేర్పు. తలుపు మూసి ఉన్నప్పుడు లూపులో, అంటే పెట్టె నుంచి తలుపు దాకా పోయి తిరిగి వచ్చే వైరు జతలో, కరెంటు పారుతుంటుంది, తెగితే మోగుతుంది. మరి తెలిసినవాడు వైరు కోయకుండా, తొక్క ఒలిచి రెండు తీగలూ కలిపేస్తే? తలుపు తెరిచినా మోగదు. దీనికి మందు లూపు చివర రెసిస్టర్, కరెంటును కొంత అడ్డుకునే చిన్న భాగం.

పెట్టెలో ఆర్డునో నానో, అంటే మనం ప్రోగ్రాం రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు, వాడుతున్నారనుకోండి. దాని అనలాగ్ పిన్ను వోల్టేజీని 0 నుంచి 1023 దాకా అంకెగా చదువుతుంది. 5 వోల్టుల నుంచి అనలాగ్ పిన్నుకు ఒక 4.7 కిలోఓమ్ రెసిస్టర్. ఆ పిన్ను నుంచి గ్రౌండ్‌కు పోయే లూపులో, అవతల తలుపు దగ్గర, కాంటాక్ట్‌తో వరసలో, ఇంకో 4.7 కిలోఓమ్. అంతా బాగుంటే పిన్ను దగ్గర సగం వోల్టేజీ, రీడింగ్ 512 చుట్టూ ఉంటుంది. తలుపు తెరిచినా, వైరు తెగినా 1023కి పోతుంది. వైర్లు కలిపేస్తే సున్నాకు పడిపోతుంది. మధ్యలో లేకపోతే చాలు, సైరన్.

చాలామంది పని తేలిక అని ఆ రెండో రెసిస్టర్‌ను పెట్టెలోనే పెట్టేస్తారు. అప్పుడు అది ఉన్నా లేనట్టే. తలుపు దగ్గరే ఉండాలి. నాలుగు తలుపులకూ నాలుగు లూపులు విడిగా లాగండి, నానోలో అనలాగ్ పిన్నులు ఎనిమిది ఉన్నాయి. ఏ తలుపో తెలిస్తే వచ్చేవాళ్లు ఎటు వెళ్లాలో తెలుస్తుంది.

ఇంకోటి. తలుపు తెరిచి వెంటనే మూసేసినా సైరన్ ఆగకూడదు. ఇది కొత్త ఆలోచన కాదు. 1853లో అమెరికాలో ఆగస్టస్ పోప్ అనే ఆయన పేటెంట్ తీసుకున్న విద్యుత్ అలారంలోనే ఈ ఏర్పాటు ఉంది. కిటికీ తెరిచి మళ్లీ మూసినా గంట మోగుతూనే ఉండేది. దొంగ మొదట చేసే పని తలుపు మూసేయడమేనని ఆయనకు అప్పుడే తెలుసు.

---

డల్లాస్_మనోడు | జూన్ 9, రాత్రి 8:30

మాదీ దివిసీమే. వార్త విని మనసు పాడైంది. ఆరు వేలతో ఎందుకు అవస్థ? నేను డబ్బు పంపుతాను. ఎనిమిది కెమెరాలు పెట్టించండి, ఫోన్‌లో ఎక్కడినుంచైనా చూసుకోవచ్చు. ఇక్కడ మా ఇంటికి అలాగే ఉంది.

---

బీట్_పాతకాపు | జూన్ 9, రాత్రి 10:10

హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. డల్లాస్ బాబు మంచి మనసుకు దండం. కెమెరా వద్దని అనను. కానీ గుళ్లలో దొంగతనం జరిగాక నేను చూసిన ఫుటేజీల్లో ఎక్కువ వాటిలో ముఖానికి తువ్వాలు, తలకు మంకీ క్యాప్. పోయిన తర్వాత ఎవరు అని వెతకడానికి కెమెరా పనికొస్తుంది. పోకుండా ఆపేది చప్పుడు, దాని వెనక వచ్చే మనుషులు. చప్పుడు మొదలైతే వాడి దగ్గర నిమిషాలే ఉంటాయి. మీ ఊళ్లో టేకు తలుపు ఆ నిమిషాలు ఇచ్చింది. తలుపు గట్టిగా ఉండి అలారం కూడా మోగి ఉంటే హుండీ కూడా దక్కేదేమో.

ఇప్పుడు కృష్ణాతీరం గారికి కొన్ని మాటలు. హుండీని నెలల తరబడి నిండనివ్వకండి. గుడి దేవాదాయ శాఖ కింద ఉంటే వాళ్ల సమక్షంలో, లేకపోతే ఊరి పెద్దల ముందు, తరచూ లెక్కపెట్టి బ్యాంకులో వేయండి. హుండీలో ఏమీ లేదని ఊరందరికీ తెలియడమే సగం రక్ష. హుండీని నేలలోకి బోల్టులతో దించండి.

ఉత్సవ విగ్రహాలకు రేపే ఫొటోలు తీయించండి. ముందు, వెనక, రెండు పక్కలు, పీఠం అడుగు. పక్కన స్కేలు పెట్టి తీయండి. ఎత్తు, బరువు రాయండి. ఎక్కడైనా చిన్న సొట్ట, అరిగిన వేలు, అతుకు ఉంటే దాన్ని దగ్గరగా తీయండి. పోయిన విగ్రహం దొరికినా అది మీదేనని చూపించలేక ఇబ్బంది పడినవాళ్లను చూశాను. వందేళ్లు దాటినవైతే 1972 పురావస్తువుల చట్టం కింద రిజిస్ట్రేషన్ సంగతి కూడా కనుక్కోండి. గుళ్లో విగ్రహం దొంగతనం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 305 సెక్షన్ కిందికి వస్తుంది, ఏడేళ్ల దాకా శిక్ష. కేసు నిలబడాలంటే మీ దగ్గర కాగితం ఉండాలి.

మోగిన రాత్రి ఒక్కరే లోపలికి పోవద్దు. లైట్లు వేయండి, కేకలు పెట్టండి, 112కు ఫోన్ చేయండి. దొంగ పారిపోయినా పట్టుకోవాలని తరమకండి. లోపల ఏదీ ముట్టుకోవద్దు, వేలిముద్రలు పోతాయి.

---

డల్లాస్_మనోడు | జూన్ 9, రాత్రి 10:45

అర్థమైంది బాబాయ్. కెమెరాల మాట పక్కన పెడతాను. ఆ డబ్బుతో అంతరాలయం తలుపుకు ఇంకో ఇనప పట్టీ, హుండీకి బోల్టులు వేయించండి. మీ నంబర్ మెసేజ్ చేయండి కృష్ణాతీరం గారూ.

---

కిరాణా_కొట్టు | జూన్ 10, ఉదయం 7:15

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా షాపుకు రోలింగ్ షట్టర్. గాలికి ఊగుతుంది. డోర్ కాంటాక్ట్ పనిచేస్తుందా?

---

వైర్‌మ్యాన్_రిటైర్డ్ | జూన్ 10, ఉదయం 7:40

షట్టర్‌కు నేలలో బిగించే బరువైన కాంటాక్ట్ వేరే ఉంటుంది, రెండు మూడు అంగుళాల ఖాళీ దాకా తట్టుకుంటుంది. అదే పెట్టించు. కంపనం పట్టే సెన్సర్ మాత్రం వద్దు, రోడ్డు మీద లారీ పోయినా మోగుతుంది.

---

అర్చకుల_ఇల్లు | జూన్ 10, ఉదయం 11:00

మా ఇంట్లో నాలుగు తరాలుగా అర్చకత్వం. ఒక మనవి. గర్భగుడిలో, రాతి గోడలకు డ్రిల్లు వేయవద్దు. లోపల వైర్లు, పెట్టెలు అసలు వద్దు. అంతరాలయం తలుపు బయటి చట్రం చెక్కది కదా, కాంటాక్ట్ అక్కడ బిగిస్తే ఆగమానికి, కట్టడానికి రెండింటికీ ఇబ్బంది ఉండదు.

ఇంకో సంగతి. వయసు మళ్లిన అర్చకులకు నంబర్లు నొక్కే కీప్యాడ్ ఇవ్వకండి. ధనుర్మాసంలో తెల్లవారుజామున నాలుగింటికి చలిలో, చీకట్లో తలుపు తీస్తారు. నంబరు తప్పు నొక్కి సైరన్ మోగితే ఆ పెద్దాయన మళ్లీ దాన్ని ఆన్ చేయడానికే భయపడతారు. తాళంచెవి తిప్పే స్విచ్ పెట్టండి, బండి స్టార్ట్ చేసినట్టు. తలుపు తాళాలతో పాటు ఆ చెవి కూడా ఒకే గుత్తిలో ఉంటే మరిచిపోయే పని లేదు.

---

కృష్ణాతీరం | జూన్ 10, రాత్రి 9:20

ఇది నాకు తట్టనే లేదు. మా అర్చకులవారికి డెబ్బై దాటాయి. పాత పెట్టెకు ఆరంకెల పాస్‌వర్డ్ ఉండేది. ఆయన్ను ఒక్క మాట అడగకుండా పెట్టించాను. ఇప్పుడు ఆయనకు ఫోన్ చేసి మాట్లాడాను.

ఫోన్‌కు కబురు వచ్చే పని ఎలా? నేను హైదరాబాద్‌లో ఉన్నా నాకు తెలియాలి.

---

ఈసీఈ_మూడో_ఏడు | జూన్ 10, రాత్రి 11:35

నీకంటే ముందు ఎదురింటివాళ్లకు తెలియాలి అన్నా. మెసేజ్ పనికిరాదు, రాత్రి రెండింటికి ఎవరు చూస్తారు? కాల్ రావాలి, ఒకరు ఎత్తకపోతే ఇంకొకరికి. ఐదు నంబర్లు వరసగా పెట్టు.

సిమ్ వేసి కాల్ చేయించే జీఎస్ఎం మాడ్యూల్, సిమ్800ఎల్ అనేది, నాలుగు వందలకు దొరుకుతుంది. అది 2జీ మీదే నడుస్తుంది. జియోలో 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ పనిచేయదు. మీ ఊళ్లో 2జీ సిగ్నల్ బాగా వచ్చే వేరే సిమ్ వేయండి. రీఛార్జ్ అయిపోతే కాల్ పోదు, ఆ తేదీ ఒకరి బాధ్యత కావాలి.

దీనితో నేను రెండు వారాలు తిప్పలు పడ్డాను. మాడ్యూల్ మామూలుగా కొద్ది కరెంటే తాగుతుంది. కాల్ వెళ్లే క్షణంలో మాత్రం 2 ఆంపియర్ల దాకా గుంజుతుంది. సన్న వైరు, బలం లేని సప్లై ఇస్తే సరిగ్గా అప్పుడే ఆగి మళ్లీ మొదలవుతుంది. టేబుల్ మీద అంతా బాగుంటుంది, అవసరానికి కాల్ పోదు. దానికి విడిగా బక్ కన్వర్టర్ (వోల్టేజీ తగ్గించే చిన్న బోర్డు) పెట్టి 4 వోల్టులకు సెట్ చేయండి. ఆ క్షణానికి కావలసిన కరెంటును దాచి ఉంచే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను మాడ్యూల్ కాళ్ల దగ్గరే సోల్డర్ చేయండి.

పీఐఆర్ పెడితే దాన్ని ఈ మాడ్యూల్‌కు, యాంటెన్నాకు దూరంగా పెట్టండి. కాల్ వెళ్లినప్పుడు వచ్చే రేడియో తరంగాలకు చవక పీఐఆర్ తనంతట తాను ట్రిగ్గర్ అవుతుంది.

---

వైర్‌మ్యాన్_రిటైర్డ్ | జూన్ 11, ఉదయం 6:20

బ్యాటరీ లెక్క కూడా చెప్పేస్తా. 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్‌ది, యూపీఎస్‌లో ఉండేది. మీ పెట్టె మొత్తం 50 మిల్లీఆంపియర్లు తాగుతుందనుకో. కాగితం మీద 140 గంటలు. బ్యాటరీని సగానికి మించి దించితే తొందరగా పాడవుతుంది కాబట్టి 70 గంటలు అనుకో. దాదాపు మూడు రోజులు. 13.6 నుంచి 13.8 వోల్టుల దగ్గర నిలిపే ఛార్జర్ కావాలి. మామూలు 12 వోల్టుల అడాప్టర్‌తో బ్యాటరీ ఎప్పటికీ నిండదు. ప్లగ్గు వద్దు, స్విచ్ బోర్డు నుంచి నేరుగా ఫ్యూజు పెట్టి లాగు. ప్లగ్గు ఉంటే మళ్లీ ఎవరో పీకుతారు.

సైరన్లు రెండు. ఒకటి బయట చూరు కింద, నిచ్చెన లేకుండా అందని ఎత్తులో. ఇంకోటి లోపల. నాలుగు నిమిషాలు మోగి ఆగి, మళ్లీ కాపలాకు సిద్ధం కావాలి.

---

కృష్ణాతీరం | జూన్ 29, రాత్రి 8:10

నాలుగు రోజులు సెలవు పెట్టి ఊరెళ్లాను. కోఠి గుజరాతీ గల్లీలో సామాను కొన్నాను. తమ్ముడి వరస కుర్రాడు పాలిటెక్నిక్ చదివాడు, వాడూ నేనూ కలిసి బిగించాం. డోర్ కాంటాక్టులు నాలుగు జతలు 320, వైరు, పీవీసీ పైపు 1,150, పీఐఆర్‌లు రెండు 160, నానో 300, జీఎస్ఎం మాడ్యూల్ 420, బక్ కన్వర్టర్లు రెండు 120, బ్యాటరీ 1,050, ఛార్జర్ 650, సైరన్లు రెండు 500, తాళంచెవి స్విచ్, పెట్టె, ఫ్యూజులు, చిల్లర సామాను 480. మొత్తం 5,150 రూపాయలు. సిమ్ రీఛార్జ్ విడిగా.

పీఐఆర్‌లు ముఖమండపంలో పెట్టలేదు. ఒకటి వంటశాలలో, ఇంకోటి విగ్రహాల బీరువా ఉన్న చిన్న గదిలో పెట్టాం. పదిహేను సెకన్లలో రెండుసార్లు పడితేనే లెక్కలోకి తీసుకునేట్టు ప్రోగ్రాం రాశాం. మనిషి దాని వైపు నేరుగా నడిచి వస్తే ఆలస్యంగా పడుతోంది, ముందునుంచి అడ్డంగా దాటితే వెంటనే పడుతోంది. అందుకే గుమ్మానికి ఎదురుగా కాకుండా పక్క గోడకు బిగించాం.

మూడో రాత్రి 2:10కి వంటశాల పీఐఆర్ మోగించింది. నా గుండె జారిపోయింది, మళ్లీ పాత కథేననుకున్నాను. వెళ్లి చూస్తే తలుపులన్నీ మూసే ఉన్నాయి. టార్చి వేసి సెన్సర్ దగ్గరికి నిచ్చెన మీద ఎక్కాను. తెల్లటి గుండ్రటి మూత మీద బల్లి. పొట్ట ఆనించి కూర్చుంది, టార్చి వెలుగుకు తోక ఒకసారి కదిపింది తప్ప పోలేదు. మూత చుట్టూ దోమలు చచ్చి అంటుకున్నాయి, వాటికోసం వచ్చింది. పక్కనే రాత్రంతా వెలిగే చిన్న బల్బు ఉంది, దోమలు దానికి వస్తున్నాయి. బల్బు ఎదుటి గోడకు మార్చాం. సెన్సర్‌ను గోడనుంచి జానెడు బయటికి, నున్నటి పీవీసీ పైపు ముక్క చివర బిగించాం. ఆ తర్వాత పదకొండు రాత్రులు ఒక్కసారి కూడా మోగలేదు.

---

వైర్‌మ్యాన్_రిటైర్డ్ | జూన్ 29, రాత్రి 9:00

భేష్. మోగినప్పుడు ప్లగ్గు పీకకుండా నిచ్చెన ఎక్కావు. ఇప్పుడు అసలు పరీక్ష చేశావా? చెప్పకుండా ఒక రాత్రి మోగించి, ఎంతమంది వస్తారో, ఎంతసేపట్లో వస్తారో చూశావా?

---

కృష్ణాతీరం | జూలై 7, ఉదయం 10:30

మీరు అడిగాక శనివారం రాత్రి చేశాం. కమిటీలో ఇద్దరికే తెలుసు. 11:20కి వంటశాల తలుపు తీశాం. సైరన్ బాగానే మోగింది. ఏడు నిమిషాలకు ముగ్గురు వచ్చారు. ఐదు నంబర్లలో ఇద్దరి ఫోన్లు సైలెంట్‌లో ఉన్నాయి, ఒకరు తెలియని నంబర్ అని కట్ చేశారు. ఎదురింటాయన పాత అలవాటుకొద్దీ మళ్లీ ఊరికే మోగుతోందనుకుని అటు తిరిగి పడుకున్నారట.

మర్నాడు గుడి అరుగు మీద అందరినీ కూర్చోబెట్టాం. బల్లి సంగతి, పాత పెట్టె ఎందుకు మోగేదో, ఇది ఎందుకు మోగదో విప్పి చూపించాం. కాంటాక్ట్ దగ్గర అయస్కాంతం పెట్టి తీసి, పిల్లల చేత కూడా చేయించాం. ఐదుగురి ఫోన్లలో 'గుడి అలారం' అని పేరు వేసి, సైలెంట్‌లో ఉన్నా మోగేట్టు సెట్ చేశాం. ఎవరు ఏ వైపు రావాలో, 112కు ఎవరు చేయాలో అనుకున్నాం.

నిన్న రాత్రి మళ్లీ చెప్పకుండా మోగించాం. ఒంటిగంటకు. రెండున్నర నిమిషాల్లో పదకొండు మంది వచ్చారు. ముందు వచ్చింది ఆ ఎదురింటాయనే, పెద్ద టార్చితో. అర్చకులవారు చెవి తిప్పి సైరన్ ఆపి, మళ్లీ తిప్పి, ఎర్ర లైటు వెలిగేదాకా నిలబడి చూసి, అప్పుడు ఇంటికి వెళ్లారు.

బ్యాటరీ మీద కొన్న తేదీ పెయింటుతో రాశాం. రీఛార్జ్ తేదీ పంచాంగం క్యాలెండర్ మీద అర్చకులవారి కోడలు గుండ్రంగా చుట్టి పెట్టారు. విగ్రహాల ఫొటోలు ఈ ఆదివారం తీస్తున్నాం.